నీలిబానలు, గంజికాగులు

కోనసీమలో బండారులంక పేరు చెప్పగానే వినువారి మనస్సున మగ్గపు చప్పుడు మెదలును. అది సహజమే. గౌతమీ వసిష్ఠా పాయల నడుమ, అమలాపురమునకు ఆనుకొని, కొబ్బరితోటల నీడలో ఒదిగియున్న ఆ గ్రామమునకు నూలు చీరల వలననే గదా కీర్తి కలిగినది. చూడవచ్చినవారు అరుగు దాటి లోనికి వచ్చి, గుంటమగ్గమున కాళ్లు జారవిడిచి కూర్చుండిన నేతగానిని, అతని చేతి కుదుపునకు ఇటునటు పరుగెత్తు నాడెను, పన్నె దెబ్బదెబ్బకు పెరుగు వస్త్రమును తిలకించి, మెచ్చుకొని, ఒకటి రెండు చీరలు బేరమాడి మరలిపోయెడివారు. నడవ దాటి పెరటిలోనికి వచ్చినవారు అరుదు; వచ్చినను ఆ ఘాటునకు ముక్కు మూసుకొని వెనుదిరిగెడివారు. నాకు మాత్రము బాల్యమున మగ్గముకంటె పెరడే ప్రియమైన చోటు. మగ్గమున జరుగునదంతయు కంటికి కనబడుచునే యుండును; పెరటి తొట్లలో జరుగునది నీళ్ల మరుగున జరిగిపోవును. దానిని ఎరిగినవారు వాసనను బట్టియు, నురుగును బట్టియు, తెడ్డునకు తగులు బరువును బట్టియు ఎరుగవలసినదే.

నూలు మగ్గమెక్కుటకు ముందు జరుగు పనులలో మూడువంతులు ద్రవములను కలిపెడి పనులని చెప్పిన అతిశయోక్తి కాదు. చిలపలుగా వచ్చిన ముడినూలు నీటిని పీల్చదు. ప్రత్తితో పుట్టిన మైనము దానిని అంటిపెట్టుకొని యుండును. దానిని వదల్చుటకు క్షారము కలిపిన నీటిలో ఉడుకబెట్టవలెను. పిమ్మట రంగు కలుపవలెను. రంగు ఆరిన పిదప పడుగునకు గంజి కలుపవలెను. ఈ మూడింటిలో ఎచ్చట ఏ కొంచెము లోపము జరిగినను అది ఆనాడు తెలియదు. పక్షము రోజుల తరువాత, నేసిన చీరను దండెముమీద ఆరవేసినప్పుడు, ఒంటిమీద అడ్డముగా ఒక లేతచార తేలును; లేదా గంజి ఉండ పన్నెలో తట్టుకొని పోగులు పుటుక్కున తెగును. అప్పుడు నేతగాడు పెరటివైపు చూచి పలికెడి మాటలు ఇచ్చట వ్రాయదగినవి కావు.

మా వీధి చివర రంగులవేతకు ప్రత్యేకముగా ఒక పెరడుండెడిది. అందులో రాగి గంగాళమొకటి రాతి పొయ్యిమీద శాశ్వతముగా ప్రతిష్ఠితమై యుండెను. మెడవరకు నేలలో పాతిన మట్టిబానలు వరుసగా నుండెను. అవి ఆ ఇంటి ముత్తాతల నాటివి, ఇప్పుడు చల్లరంగులకు వాడుకొనుచుండిరి. గోడవారను సిమెంటు తొట్లు రెండు, అవి నా యెరుకలో కట్టినవే. పొయ్యిలోనికి కోనసీమకు సహజమైన వంటచెరకే: కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు. మట్ట భగ్గున మండి ఆరిపోవును, డొక్క గంటలతరబడి కుములుచుండును, చిప్ప నిప్పు తీవ్రమైనది. గంగాళము పొంగవలెనన్న చిప్పలు, పొంగిన దానిని అదే వేడిమీద నిలుపవలెనన్న డొక్కలు వేయుదురు. ఉష్ణమాపకమనునది ఆ పెరటిలోనికి ఎన్నడును అడుగుపెట్టలేదు.

ఈ పెరటికి అధిపతి యైన వృద్ధుని ఊరంతయు రంగుల తాత యని పిలిచెడిది. మోచేతులవరకు ఆయన చర్మపు రంగు వారమునకొక విధముగా మారుచుండెడిది. గోళ్లు మాత్రము ఎన్నడును తెలుపెక్కినట్లు నేను చూడలేదు. బడి లేనినాడు మేము పిల్లలము కొందరము అక్కడ చేరి, కట్టెలందించుటయు, నీళ్లు మోయుటయు చేసెడివారము. ప్రతిఫలముగా ఒకప్పుడు తెడ్డు చేతికి ఇచ్చెడివాడు. ఆ తెడ్డు సరుగుడు కర్రకు కొసను అరచేయి వెడల్పు పలక బిగించినది. తెడ్డు పట్టుట యన్న మాకు పండుగ. కాని పట్టిన మరుక్షణమే మందలింపు. పిల్లవాని చేతికి తెడ్డు వచ్చిన గుండ్రముగా త్రిప్పుటకంటె వేరేమి చేయును?

"తిప్పకురా అబ్బాయ్! తిప్పితే సుడి లెగుద్ది. సుడి లెగిత్తే గాలి దిగిపోద్ది. గాలి దిగిందంటే రంగు సచ్చిపోద్ది."

మరి ఎట్లు? ఆయన చేయి చూడవలెను. తెడ్డును బాన అంచు వెంబడి నిట్టనిలువుగా అడుగునకు దింపి, అక్కడనుండి దగ్గరకు లాగి, నడుమను పైకి తేల్చి, నీటిమట్టము చీలకమునుపే మరల దింపెడివాడు. నాలుగు మార్లు ఇట్లు, నాలుగు మార్లు ఎదురుదిక్కునుండి. పైనుండి చూచువానికి బానలోని నీరు కదలినట్లే యుండదు. అడుగున మాత్రము రంగుపొడి రేణువైనను నిలువదు. ఈ విధమైన కలియబెట్టుట హైడ్రోసు వాడెడి పక్కారంగులకు. వాటి స్వభావము విచిత్రమైనది. ఆ రంగు నీటిలో కరుగదు. కాస్టిక్ సోడాతోను హైడ్రోసుతోను కలిపి గోరువెచ్చదనము మించిన వేడిలో నుంచినప్పుడు తన రంగును తాను మార్చుకొని కరుగును, నూలులోనికి దిగును. నూలును పైకితీసి పిండి గాలికి ఆరవేసినప్పుడు తన నిజరూపమును మరల పొంది, పోగులోపలనే చిక్కుకొని, ఇక ఉతికినను వదలదు. కనుక బానలో నున్నంతసేపు గాలి దానికి శత్రువు. బయటికి వచ్చిన పిమ్మట గాలియే దానికి ప్రాణము. అందుచేతనే ఈ రంగులకు తాత చిలపలను తిన్నని కర్రలమీద వ్రేలాడదీయక, వంచిన ఇనుపకమ్ములకు తగిలించి, నూలంతయు నీటి క్రిందనే మునిగియుండునట్లు చేసెడివాడు. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలుచుండి ఆ కమ్ములను ఒక్క తీరున జరుపుచుందురు. అనగా నూలే అక్కడ తెడ్డు. రంగునీటిని కదల్చునదియు, రంగును త్రాగునదియు ఒక్కటే. ఈ రహస్యము నాకు ఎన్నియో సంవత్సరముల తరువాత గాని స్ఫురింపలేదు.

నాఫ్తాలు రంగుల వ్యవహారము వేరు. మా ఊరి ఎరుపులును, వక్కపొడి రంగులును, చిలకపచ్చ చీరకు వేసెడి కుంకుమరంగు అంచులును చాలవరకు దానివే. నాఫ్తాలు పొడిని ముందుగా టర్కీ రెడ్ ఆయిలుతో ముద్దగా నూరవలెను. ఒక్క రేణువైన పొడిగా మిగిలిన అది తరువాత ఎంత మరగినను కరుగదు. పిమ్మట కాస్టిక్, మరుగునీరు పోసి, ఈమారు వెరపు లేక గిరగిర త్రిప్పవచ్చును. బంగారువన్నె తేటనీరు వచ్చువరకు త్రిప్పవలెను. ఆ తేటలో నూలును ముంచి, సమముగా పిండి, రెండవ బానలో ముంచవలెను. ఆ రెండవ బానలో బేసు అను మందును ఆమ్లముతోను నైట్రైటుతోను కలిపి సిద్ధపరచి యుంచెదరు. ఇది వేడిని ఓర్వదు. వేసవిలో అమలాపురమునుండి రంపపు పొట్టులో చుట్టిన మంచుగడ్డను సైకిలుమీద తెచ్చుట ఆ ఇంటి పెద్దమనుమని ఉద్యోగము. దారిలో కరిగినదంతయు వాని సోమరితనము క్రింద జమకట్టెడివారు. లేత పసుపువన్నె నూలు ఆ చల్లనీటిని తాకిన క్షణముననే నెత్తుటి ఎరుపుగా మారును. పిల్లలము ఊపిరి బిగబట్టి చూచెడివారము. పెద్దలు మాత్రము ఆ క్షణమున రంగును చూడరు, వేగమును చూతురు. చిలప ఒక ప్రక్క ముందు తడిసి వేరొక ప్రక్క ఆలస్యముగా తడిసినదా, ఇక ఆ ఎరుపు ఎన్నటికిని సమము కాదు. పక్కారంగునకు ఓర్పుగల చేయి, నాఫ్తాలునకు వడిగల చేయి. రెండును ఒక్క మనుష్యునకే ఉండవలెను.

ఈ రంగులన్నియు సీమనుండి వచ్చినవే. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను యువకుడు తారునుండి ఊదారంగును తీసినప్పటినుండి ప్రపంచమున రంగుల చరిత్ర తిరుగబడినది. 1868లో గ్రేబే, లీబెర్మాన్ అను జర్మను రసాయనవేత్తలు మంజిష్ఠలోని ఎరుపును కృత్రిమముగా సృష్టించిరి. దాని దెబ్బకు నిజాంపట్నము మొదలు మన తీరపు ఇసుక నేలలలో త్రవ్వుచుండిన చిరివేరునకు దినములు చెల్లినవి. చిరివేరు ఎరుపును ఒకనాడు ఐరోపా సంపన్నులు ఎంత కోరియుండిరో, ఆ కోరిక కొరకు కంపెనీలవారు మన తీరమున ఎన్ని కొట్లు పెట్టిరో చరిత్ర చదివినవారు ఎరుగుదురు. యానాము దాపున ఇంజరములోను, అల్లవరము దిక్కున బెండమూర్లంకలోను ఆంగ్లేయుల వస్త్రవ్యాపార స్థానములుండెడివి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దండెత్తి వాటిని పట్టుకొనెను. ఫ్రెంచివారు పుదుచ్చేరిలో నీలి అద్దించిన గుడ్డను ఆఫ్రికాలోని సెనెగలునకు పంపి, అక్కడి తుమ్మజిగురునకు మారకము చేసెడివారు. గోదావరి పాయలమీద పడవలలో సాగిన ఆ వర్తకమునకు వెనుక ఎన్ని పెరళ్లలో ఎన్ని బానలు కుతకుతలాడియుండునో ఎవరును లెక్క వ్రాసియుంచలేదు. కంపెనీ దస్తరములలో గుడ్డల తానులు లెక్కకు వచ్చినవి, తెడ్డు పట్టిన చేతులు రాలేదు.

నీలిమందు కొంతకాలము నిలువ ద్రొక్కుకొనెను. బాయరు పండితుడు 1880లోనే దానిని ప్రయోగశాలలో పుట్టించినను, బజారున నిలుచు వెలకు తయారుచేయుటకు జర్మను కంపెనీ బీఏఎస్ఎఫ్‌నకు 1897 వరకు పట్టినది. అప్పటినుండి పదిపదునైదేండ్లలో మన దేశపు నీలితోటలు కృశించిపోయినవి. బీహారులోని చంపారణ్యమున 1917లో గాంధీ మహాత్ముడు విచారణకు పూనుకొనునాటికి నీలి వర్తకము చరమదశలో నుండెను. ఆ తోటల తొట్లను గూర్చి తాత తన తాత చెప్పగా విన్న మాటలు మాకు చెప్పెడివాడు. అక్కడి పద్ధతి చిత్రమైనది. కోసిన నీలి మొక్కను ఒక తొట్టిలో రాత్రంతయు నానవేసి, ఆ పసుపుపచ్చని నీటిని క్రింది తొట్టిలోనికి వదలి, అందులో మనుష్యులు నడుములోతున వరుసగా దిగి, పలకకర్రలతో గంటలకొలది నీటిని చిమ్మి చిమ్మి కొట్టవలెను. ఎంత నురుగు లేచిన అంత మంచిది. గాలి చొరబడుకొలది నీరు పచ్చనయి, నీలమయి, నీలిమందు మడ్డిగా అడుగునకు దిగును. దానిని వడకట్టి, ఉడికించి, అచ్చులుగా కోసి ఆరబెట్టుదురు. అదే నీలిమందు అద్దకపువాని ఇంటికి వచ్చిన పిమ్మట దాని ధర్మము తలక్రిందులగును. దానిని మరల కరిగించవలెనన్న సున్నపునీటిలో తగిరిస గింజలు ఉడికించి పోసి పులియబెట్టవలెను. పులిసినంతకాలము గాలి సోకనీయరాదు. ఒకే పదార్థమును పుట్టించుటకు గాలితో కొట్టవలెను, వాడుటకు గాలినుండి దాచవలెను.

దీనిని నేను ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. కలుపుట యన్న ఏదియో మొరటు పనియని, బలమున్నవాడెవడైనను చేయగలడని లోకము తలచును. రంగుల తాత పెరటిలో నెలకొక కొత్త కూలివాడు చేరి మానుకొనుటకు కారణము బలము చాలక కాదు. ఏ నీటిని ఎట్లు కదల్చవలెనో, దేనిని కదల్చరాదో తెలియుటకు సంవత్సరములు పట్టెడిది. బాన మీద రాగివన్నె తెట్టె తేలినదా, క్రింది నీరు పసుపు కలిసిన పచ్చగా నున్నదా, తెడ్డు కొసను నాలుకకు తగిలించిన మంట ఎంత, వాసన పులుపువైపునకా కుళ్లువైపునకా — ఇవియే ఆయన కొలబద్దలు. ఈ ఆమ్లక్షారముల లోకమున నాలుకతో కొలుచుట ప్రశంసింపదగినదని నేననుట లేదు. ఆయన పండ్లు అరువదేండ్లు రాకమునుపే ఊడిపోయినవి.

పెరటి రాజ్యమున మగవారు రంగులకు దొరలైన, గంజికి స్త్రీలే సర్వాధికారిణులు. నా చిన్నతనమున తాత భార్య, మాకందరకు అవ్వ, ఈ విద్యలో ఊరికే తలమానికము. బియ్యపుపిండిని చల్లని నీటిలో పలుచగా కలిపి, మరుగుచున్న కాగులోనికి ఒక చేత ధారగా పోయుచు, రెండవచేత తెడ్డు ఆడించుచుండెడిది. ఎండు పిండిని తిన్నగా వేడినీట వేసిన ప్రతి ఉండకు పైతొడుగు ఉడికి, లోపలి పిండి పిండిగానే మిగులును. ఆ ఉండ ఇక విరుగదు. గంజి చిక్కబడుకొలది తెడ్డు నడుమ నిలుచుటకు వీలులేదు, కాగు గోడను అంటి, అడుగును గీకుచు నడువవలెను. లేకున్న అడుగంటును, అడుగంటిన గంజి వాసన పట్టిన చీరను కొనువారు ఊరిలో లేరు. కడపట రెండు చుక్కలు కొబ్బరినూనె. ఆ నూనె గంజితో కలియుటకు అవ్వ తెడ్డును పక్కనపెట్టి కవ్వము తీసెడిది. పెరుగు చిలికెడి ఆ కవ్వమును పెరటి పనికి వాడుట తగదని కోడండ్రు గొణుగుకొనుట కద్దు, వినిపించుకొనెడివారెవరు?

తెల్లవారుజామున, ఇంకను చీకటి విడకమునుపే, ఆ గంజితో వీధిలోనికి వెళ్లెడివారు. వీధి పొడుగునను పడుగును సాచి, వెదురు గుంజలమీద బిగించి, ఇరువైపుల ఇద్దరు పెద్ద కుంచెలు పట్టుకొని, గంజి పూయుచు దువ్వుచు ఒక కొసనుండి వేరొక కొసకు నడుతురు. పోగు పోగుతో అంటుకొనక, ప్రతిపోగును విడివిడిగా నున్నగా మారవలెను. ఎండ ముదిరిన గంజి ముందే బిగిసిపోవును, మబ్బు పట్టిన ఆరదు. ఆ వేళ వీధిన ఎడ్లబండి రాదు, రావలసివచ్చినను బండివాడు పక్క సందున మళ్లించుకొని పోవును. మగ్గములేని ఇండ్లవారు సైతము ఆ మర్యాదను పాటించెడివారు. తొలకరి మొదలు కార్తీకమువరకు వానలు నేతవారికి ప్రతికూలము. పొలమువాడు ఆకాశమును చూచి సంతసించినప్పుడు మావాడు ఆకాశమును చూచి నిట్టూర్చును. ఒకే అరుగుమీద కూర్చుండియే.

మా మేనల్లుని కుమారుడొకడు రసాయన ఇంజనీరింగు చదివి, హైదరాబాదు జీడిమెట్లలో, మందుల పరిశ్రమలకు పెద్ద తొట్లను, వాటిలో ద్రవములు కలిపెడి యంత్రములను తయారుచేయు కర్మాగారమున పనిచేయుచున్నాడు. ఒక సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు వానిని అడిగి, వాని విద్యను కొంత తెలిసికొంటిని. తొట్టి నడుమ ఒక ఇరుసు, దానికి రెక్కలు. ఓడకు వలె ఏటవాలుగా అమర్చిన రెక్కలు ద్రవమును క్రిందికి త్రోసి పైకి తెచ్చునట. నిటారు పలకలవంటి రెక్కలు దానిని గోడలవైపు విసరునట. గాలిని బుడగలుగా చీల్చి నీటిలో కలుపవలెనన్న రెండవది మేలు. తేనెవలె చిక్కని పదార్థమునకు లంగరు ఆకారముగల రెక్క, తొట్టి గోడను ఒరసికొనుచు తిరుగునది. వీటన్నింటికి తోడు తొట్టి లోపలి గోడకు నిలువుపట్టీలు, సాధారణముగా నాలుగు, బిగింతురు. అవి లేనియెడల రెక్కతోపాటు నీరంతయు ఒక్కటిగా గుండ్రముగా తిరిగి, నడుమ సుడి ఏర్పడి, ఆ సుడిగుండా గాలి అడుగునకు పోవును. కలియుట మాత్రము జరుగదు. మరియొక మాట చెప్పెను: ఇరుసు వేగమును రెట్టింపు చేసిన విద్యుచ్ఛక్తి ఎనిమిదిరెట్లు వ్యయమగును, అందుచేత వేగము పెంచుటకంటె రెక్క ఆకారమును మార్చుట లాభమట.

నేను విని నవ్వుకొంటిని. నిలువుపట్టీ చేయు పనిని తాత ఎదురుతెడ్డుతో చేసెడివాడు. లంగరు రెక్క చేయు పనిని అవ్వ గంజికాగులో చేసెడిది. ఓడరెక్క, పలకరెక్కల భేదము పక్కారంగునకు నీలితొట్టికి నడుమ నుండిన భేదమే. మాటలో మాటగా, ఈ యంత్రములకు మన గోదావరి తీరమున పూర్వులు లేకపోలేదు. 1847 మొదలు 1852 వరకు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాలమున సిమెంటు ఎక్కడిది? ఆ కాలపు కట్టడములన్నింటికి సున్నమును ఇసుకను వలయాకారపు కాలువలో పోసి, ఎడ్లు లాగు రాతిచక్రముతో నూరిన గానుగసున్నమే ఆధారము. కలిపి నూరెడి యంత్రమునకు అంతకంటె నిరాడంబరమైన రూపము లేదు. కుర్రవానికి ఈ పోలికలన్నియు చెప్పగా శ్రద్ధగానే వినెను గాని, "మరి నిమిషమునకు ఎన్ని చుట్లు తిప్పేవారు తాతయ్యా?" అని అడిగెను. చుట్లు తిప్పకుండుటయే వారి విద్య యని చెప్పుటకు నాకు మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చెను.

ఆ పెరడు ఒక్కనాడు మూతబడలేదు. సహకార సంఘములు, వ్యాపారులు రంగువేసిన నూలునే తెచ్చి పంచుట మొదలుపెట్టినప్పుడు మొదట అందరు సంతోషించిరి, సంతోషింపవలసినదే. 1914 యుద్ధములో జర్మను రంగులు ఆగిపోయి, ఉన్న డబ్బాల వెలలు ఆకాశమునంటిన కథలు విన్నవారికి, రంగు సిద్ధముగా ఇంటికి వచ్చుట భాగ్యముగానే తోచెను. దూరపు పట్టణములలో పెట్టెలవంటి పెద్ద ఉక్కు యంత్రములు వచ్చినవి. అందులో చిలపలు నిలుకడగా వ్రేలాడుచుండగా పంపు రంగునీటిని వాటిగుండా త్రోయును. నూలు కదలదు, నీరు కదలును. అక్కడ ఒక్కనాడు వేసిన నూలు మా పెరటిలో నెలనాళ్ల పని. 1996 నవంబరులో కోనసీమను ఊచకోత కోసిన తుపాను కొబ్బరిచెట్లతోపాటు పెరళ్ల తాటాకు పాకలను ఎత్తుకొనిపోయెను. కొందరు మరల కట్టుకొనలేదు. ఆ మరుసటి సంవత్సరము కేంద్రప్రభుత్వము హానికరములైన ఎజో రంగులు కొన్నింటిని నిషేధించినది. మేము చేతులు మోచేతులదాక ముంచిన నాఫ్తాలు బేసులలో ఆ జాతివి ఉండెనని తరువాత తెలిసినప్పుడు ఒడలు జలదరించినది. కాలువ రేవున చిలపలు జాడించినప్పుడు నీటిలో ఎర్రనిచారలు సాగిపోవుచుండెడివి. దిగువ రేవున అదే నీరు బిందెలకెత్తుకొనెడివారు. ఆ పెరళ్లు మూతబడుట దుఃఖకరమని నేను పూర్ణహృదయముతో అనలేను. కాస్టిక్ తిన్న ఆ చేతులను చూచినవాడెవడును అనలేడు. నేను కొరతగా తలచునది వేరు: పని పోవుటతో పాటు, ఆ పనిలో మాత్రమే వసించిన ఒక తెలివి పోయినది. యంత్రమునకు ఆ తెలివిని కొలతలుగా మార్చి ఇచ్చినవారెవరో కలరు. మా తాతకు ఆ కొలతలు ఎవరును తిరిగి ఇచ్చి, ఇవి నీవే సుమా యని చెప్పలేదు.

ఇటీవల ప్రకృతి రంగుల మీద పట్టణవాసులకు మక్కువ కలుగుటచేత, దస్తకార్ ఆంధ్ర వంటి సంస్థలు కొన్ని దశాబ్దములుగా చేసిన కృషిచేత, ఆంధ్ర తెలంగాణములలో కొన్నిచోట్ల నీలిబానలు మరల పులియుచున్నవి. మా ఇంజనీరు కుర్రవాడు అట్టి చోటికి ఒకసారి పోయి వచ్చి, నాకు ఫోను చేసి, బాన అడుగును ఎప్పుడు కడుగుదురని వారినడిగితే నవ్విరని ఫిర్యాదు చేసెను. వాని యంత్రములు ఒక మందునకును వేరొక మందునకును నడుమ నిప్పులు కడిగినట్లు కడుగబడవలెను. లేకున్న తనిఖీవారు ఊరకుండరు. నీలిబానను కడుగరు. ఎండుకొలది నీరు, తగ్గుకొలది సున్నము, చాలనినాడు తగిరిస గింజల ఉడుకు, మరికొంత నీలి. అట్లు నెలలు, సంవత్సరములు అది సజీవముగా నుండును. అడుగున నిలిచిన మడ్డిలోనే పులుపించు శక్తి యుండును. మా రంగుల తాత ముత్తాత అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఆ ఇంటి ఆస్తిలో మగ్గములు, గంగాళములు, కొబ్బరిచెట్లు లెక్కప్రకారము పంచుకొనిరట. నీలిబాన ఒక్కటే యుండెను. పెద్దవానికి బాన వచ్చినది. చిన్నవాడు కొత్త బాన కొని తెచ్చుకొని, అన్నగారి బాన అడుగునుండి ఒక ముంత మడ్డిని, కొత్తకాపురమునకు పోవు పిల్ల పుట్టింటి మజ్జిగతోడును పట్టుకొనిపోయినట్లు, తన ఇంటికి పట్టుకొనిపోయెనట. కాగితముమీద వ్రాయించిన పంపకములలో ఆ ముంత మాటయు ఉండెనని తాత నొక్కి చెప్పెడివాడు. వాటా చాలలేదని చిన్నవాడు చాలకాలము అన్నతో మాటలాడలేదట.